‘అడ్వైజ్డ్ రెస్ట్’ అంటే ఎవరికండీ?

తెలుగు నేల మీద రోజూ లెక్కలేనన్ని కాపీలు అచ్చయ్యే వచనం ఒకటుంది. దాన్ని ఎవరూ సమీక్షించరు. దానికి ఆవిష్కరణ సభలుండవు, అవార్డులుండవు. కానీ అందుకున్నవాళ్లు దాన్ని అక్షరం పొల్లుపోకుండా ఒంటితో పాటించాలి. పాటించకపోతే కుట్లు చీము పట్టొచ్చు, కాలు చచ్చుబడొచ్చు, మళ్లీ కత్తి కింద పడుకోవాల్సి రావొచ్చు. ఆ వచనం పేరు డిశ్చార్జి సమ్మరీ. అది తెలుగులో ఉండదు.

నడుం ఆపరేషన్ అయినవాళ్ల కాగితం ఎప్పుడైనా చూశారా? పైన పేరు, వయసు, ఐపీ నంబరు. తర్వాత ఎల్4-ఎల్5 దగ్గర డిస్కు జారిందనీ, నరాన్ని నొక్కుతోందనీ, ఆ ముక్క తీసేశామనీ పేజీన్నర. ఎమ్మారై రిపోర్టు, రక్తపరీక్షలు, మత్తు ఇచ్చిన తీరు. ఇంకో డాక్టరు చదివితే తల ఊపేలా ఉంటుంది. చిట్టచివర, మందుల పట్టీకి కింద, సంతకానికి పైన, ఒకటిన్నర లైను: అడ్వైజ్డ్ రెస్ట్. అవాయిడ్ బెండింగ్ అండ్ లిఫ్టింగ్. రివ్యూ ఆఫ్టర్ టూ వీక్స్.

నా తగాదా అంతా ఆ ఒకటిన్నర లైనుతోనే.

నడుం ఆపరేషన్‌కి రెండు సగాలున్నాయి. మొదటి సగం థియేటర్లో గంటో రెండు గంటలో జరుగుతుంది. దానికి సర్జనుంటాడు, మత్తు డాక్టరుంటాడు, నర్సులుంటారు, మైక్రోస్కోపుంటుంది, బిల్లుంటుంది. రెండో సగం ఇంట్లో ఆరు వారాల నుంచి మూడు నెలల దాకా జరుగుతుంది. దానికి ఒకటిన్నర లైనుంటుంది, ఇంగ్లీషులో. మొదటి సగం ఎంత బాగా చేసినా రెండో సగం చెడితే మొత్తం చెడుతుంది. డిస్కు ఆపరేషన్ అయినవాళ్లలో నూటికి ఐదు నుంచి పదిహేను మందికి అదే చోట మళ్లీ జారుతుందని వైద్యులే చెప్తారు. అదంతా ఇంట్లో జరిగిన పొరపాట్ల వల్లే అనడం లేదు. కానీ ఇల్లు అనేది వైద్యం లెక్కలోకే రాకపోతే, ఏది ఎందువల్ల జరిగిందో కనిపెట్టేదెవరు?

ఆ ఒకటిన్నర లైను పట్టుకుని కామవరపుకోట వెళ్దాం. కామవరపుకోటే ఎందుకంటే, అది కొండల్లో దారి లేని గూడెం కాదు కాబట్టి. మండల కేంద్రం. 2022 ఏప్రిల్ దాకా పశ్చిమ గోదావరి, అప్పట్నుంచి ఏలూరు జిల్లా. కొల్లేరు వైపు పల్లంలా కాదు, మెట్ట. పొగాకు, పామాయిల్, మొక్కజొన్న, నిమ్మ, జీడిమామిడి. ఇక్కడే పాటించలేని సలహా ఇంకెక్కడ పాటిస్తారు? నడుం ఆపరేషన్ కావాలంటే ఇక్కడివాళ్లు నలభై కిలోమీటర్లు దాటి ఏలూరు వెళ్తారు, లేదంటే అక్కణ్నుంచి ఇంకో అరవై దాటి విజయవాడ. స్తోమత ఉంటే, లేదా అక్కడ కొడుకు ఉంటే, హైదరాబాదు.

‘అవాయిడ్ బెండింగ్.’ వంగొద్దు. చెప్పడానికి ఒక్క మాట. మెట్ట ఊళ్లో ఒక ఆడమనిషి పొద్దున లేచి వాకిలి ఊడ్చడం వంగే. కళ్లాపి, ముగ్గు వంగే. అంట్లు తోమడం, బట్టలు ఉతకడం, గేదెకి కుడితి పెట్టడం, పాలు తియ్యడం, పొగాకు చేలో అడుగాకు కొట్టడం అన్నీ వంగుడే. దొడ్లో ఉన్న లెట్రిన్ నేలబారుది. దాని మీద గొంతుక్కూచోకుండా ఆ ఆరు వారాలు ఏం చెయ్యాలో కాగితంలో లేదు. కమోడ్ కుర్చీ అనేదొకటి దొరుకుతుందనీ, దాని ధర సర్జరీ బిల్లు ముందు ఒక మూల అనీ ఎవరూ చెప్పరు. మగమనిషైతే పామాయిల్ గెల. ఒక్కో గెల ఇరవై కిలోలు దాటడం మామూలే. మొదటి వారాల్లో రెండు మూడు కిలోలకి మించి ఎత్తొద్దనేది ఆస్పత్రుల్లో సర్వసాధారణమైన నియమం. నిండు బిందె పది కిలోల పైమాటే. ‘అవాయిడ్ లిఫ్టింగ్’ అన్న ఇంగ్లీషు మాటలో ఈ బిందె లేదు, ఈ గెల లేదు, చంక ఎక్కుతానని ఏడ్చే మనవడు లేడు.

‘రెస్ట్.’ ఎక్కడ? నవారు మంచం మీదా? మధ్యలో ఉయ్యాలలా దిగిన మంచం మీద పడుకున్న మనిషి నడుం మెలిపెట్టకుండా లేవలేదు. పక్కకి ఒరిగి, భుజం, తుంటి ఒకేసారి కదిలేలా దుంగలా దొర్లి, కాళ్లు కిందకి జారుస్తూ చేత్తో ఊతం పట్టి లేవాలి. ఈ ఒక్క కదలిక నేర్పడానికి పది నిమిషాలు చాలు. రోగికొక్కరికే నేర్పితే చాలదు, లేపే మనిషికి కూడా నేర్పాలి. ఆ లేపే మనిషి ఆ పది నిమిషాలప్పుడు ఎక్కడుందో తెలుసా? కింద బిల్లింగ్ కౌంటర్ దగ్గర లైన్లో.

‘రివ్యూ ఆఫ్టర్ టూ వీక్స్.’ అరగంటకి మించి ఒకే చోట కూర్చోవద్దని చెప్పినవాళ్లే, కుట్లు విప్పించుకోవడానికి రానూపోనూ ఎనభై కిలోమీటర్లు ఆటోలోనో బస్సులోనో కూర్చుని రమ్మంటారు. అది పది నిమిషాల పని. రేపిన గాయం పొడిగా ఉందో లేదో చూసి కుట్లో స్టేపుళ్లో తియ్యడానికి మండలంలో ఉన్న ప్రభుత్వ నర్సు చాలదా? చాలు. కానీ ఆమెకి రాసిన చీటీ ఎక్కడా లేదు. ఆస్పత్రి దృష్టిలో ఆమె లేనే లేదు.

ఇంత జరిగాక డిశ్చార్జి రోజు డ్యూటీ డాక్టరు అడుగుతాడు, ‘అర్థమైందా అమ్మా?’ మన గోదావరి మనిషి అంటుంది, ‘ఆయ్.’

ఆ ‘ఆయ్’ని డాక్టర్లు సమ్మతి అనుకుంటారు. అది మర్యాద. పెద్దమనిషి ఏదో అడిగాడు, కాదంటే బావుండదు, వెనకాల ఇంకో పదిమంది నిలబడ్డారు, అందుకని ‘ఆయ్.’ అర్థమైందో లేదో తెలుసుకోవాలంటే అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ‘ఇంటికెళ్లాక ఏం చేస్తావో నాకు చెప్పమ్మా’ అనాలి. చెప్పించి వినాలి. ఇదేం కొత్త కనిపెట్టుడు కాదు, వైద్య విద్యలో ఎప్పట్నుంచో చెప్పే పద్ధతే. దానికి పట్టే సమయం ఐదు నిమిషాలు.

ఇప్పుడు అసలైన చోటికొద్దాం. సాహిత్యం చదివేవాళ్లతో ఈ గొడవ ఎందుకు పెట్టుకున్నానో కూడా ఇక్కడే తేలుతుంది. నడుం ఆపరేషన్ తర్వాత భయపడాల్సిన గుర్తులు కొన్నున్నాయి. గాయం నుంచి చీమో నీరో కారడం, చలితో జ్వరం, పిక్క ఒకటే వాచి నొప్పెట్టడం, లేచి కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి, కాల్లో బలం తగ్గుతూ రావడం. అన్నిటికన్నా అత్యవసరమైనది ఒకటుంది. ఒంటేలు రాకుండా బిగుసుకుపోవడం, లేదా తెలీకుండా పోవడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు తిమ్మిరి ఎక్కడం. వెన్నుపాము చివరి నరాల గుత్తి నలిగిపోతోందని దానర్థం. అలాంటప్పుడు రోజులు కాదు, గంటలు లెక్క. ఆలస్యమైతే ఆ నరాలు తిరిగి రాకపోవచ్చు.

వైద్యం దీన్ని ఇంగ్లీషులో ‘జీను’ ప్రాంతపు తిమ్మిరి అంటుంది. గుర్రం ఎక్కినవాడికి జీను ఆనే చోటు. మన ఊళ్లో గుర్రం ఎక్కిందెవరు? తెలుగులో దీనికి చక్కటి మాట ఉంది: పీట మీద కూర్చుంటే ఆనే చోటు. ఏ మామ్మకైనా క్షణంలో తెలుస్తుంది. కానీ ఆ మాట రాసే డాక్టరు లేడు, రాయమని అడిగే రచయితా లేడు. అరవై ఏళ్ల ఆడమనిషి ‘నాకక్కడ తిమ్మిరిగా ఉందిరా’ అని కొడుక్కి చెప్పదు. కోడలికి చెప్పడానికీ రాత్రంతా తటపటాయిస్తుంది. ‘ఇది సిగ్గుపడే సంగతి కాదు, వెంటనే చెప్పాల్సిన సంగతి’ అని ముందే ఆమె భాషలో ఆమెకి ఎవరైనా చెప్పి ఉంటేనే చెప్తుంది. తెలుగు భాష చచ్చిపోతోందని ఏడాదికోసారి గుండెలు బాదుకుంటాం కదా. అది బతకాల్సిన చోటు ఇది. ఇక్కడ మాట లేకపోతే నరం చస్తుంది.

కాగితం ఖాళీగా వదిలిన చోటుని ఊరు నింపుతుంది. పక్కింటావిడ వస్తుంది. పప్పు తినొద్దు, చీము పడుతుంది. వంకాయ వద్దు, గోంగూర వద్దు, గుడ్డు వేడి. కుట్లు మానడానికి మాంసకృత్తులు కావాల్సిన రోజుల్లో మనిషి చారన్నం తిని నీరసిస్తుంది. ఇంకొకాయన వస్తాడు. మూడు నెలలు మంచం దిగొద్దంటాడు. నిజానికి మామూలు డిస్కు ఆపరేషన్ అయితే చాలామందిని ఆ మర్నాటికే నడిపిస్తారు. రోజూ కొంచెం కొంచెంగా నడక పెంచడమే మందు. 2014లో కాక్రేన్ సమీక్ష ఒకటి వచ్చింది. డిస్కు ఆపరేషన్ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలకి వ్యాయామం మొదలుపెట్టినవాళ్లకి నొప్పి, ఇబ్బంది తొందరగా తగ్గే అవకాశం ఉందనీ, అలా చేసినందువల్ల మళ్లీ ఆపరేషన్ అవసరం పెరిగినట్టు ఆధారం లేదనీ తేల్చింది. ఆధారాల నాణ్యత గొప్పగా లేదని కూడా వాళ్లే ఒప్పుకున్నారు. స్క్రూలూ రాడ్లూ వేసిన ఆపరేషన్ అయితే లెక్క వేరే, ఎముక అతుక్కోవాలి. అందులో పొగ తాగేవాళ్లకి అది ఆలస్యమవుతుంది. పొగాకు పండించే మండలంలో ఈ ముక్క ఎంతమందికి చెప్పారో మీరే ఊహించుకోండి.

‘రెస్ట్’ అన్న మాట పరమ ప్రమాదకరమని నేననేది అందుకే. సర్జన్ ఉద్దేశం ‘బరువు పని వద్దు, నడువు’ అని. ఊరికి వినపడేది ‘కదలకు’ అని. ఒకే మాటకి రెండు వ్యతిరేకార్థాలు. ఏ కవి అయినా ఇంత అస్పష్టంగా రాస్తే మనం చీల్చి చెండాడతాం.

దీనికి వినపడే జవాబులు నాకు తెలుసు. ఒకటి, సర్జన్‌కి టైం లేదు. ఒప్పుకుంటాను. బయట ఓపీలో అంతమంది కూర్చుని ఉంటే ఆయన వంటింట్లో పొయ్యి ఎంత ఎత్తులో ఉందని అడగలేడు. అడగక్కర్లేదు కూడా, అది ఇంకొకరి ఉద్యోగం. బ్రిటన్‌లో రోగి ఇంటికెళ్లే ముందు అవసరమైన చోట ఆక్యుపేషనల్ థెరపిస్టు కుర్చీ ఎత్తూ, మరుగుదొడ్డి ఎత్తూ, మెట్లూ కనుక్కుంటుంది. అమెరికాలో మెడికేర్ డబ్బు తీసుకునే ఆస్పత్రికి డిశ్చార్జి ప్లానింగ్ చెయ్యడం నిబంధన. ఆ దేశాలు స్వర్గమని కాదు, అక్కడ తోయించుకున్నవాళ్ల కథలూ వింటూనే ఉన్నాం. కానీ ఆ పనికి ఒక పేరుంది, ఒక జీతముంది. మన ఆస్పత్రుల్లో ఇన్సూరెన్స్ డెస్కుకి మనుషులున్నారు, మార్కెటింగ్‌కి ఉన్నారు, ఊళ్లు తిరిగి ఆర్.ఎం.పి.లతో సంబంధాలు నెరిపే పీఆర్వోలున్నారు. రోగిని తేవడానికి ఊరి దాకా దారి తెలిసింది. రోగి క్షేమం కనుక్కోవడానికి మాత్రం దారి తెలీదు.

రెండోది, పేషెంట్లు మాట వినరు, ఆర్.ఎం.పి. దగ్గరికి పోతారు. పోతారు మరి. ఆయన ఉన్న ఊళ్లో ఉంటాడు, రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తే బండేసుకొస్తాడు, తెలుగులో మాట్లాడతాడు. ఆయన పొడిచే నొప్పి ఇంజెక్షన్లు కిడ్నీలకి మంచివి కావు, షుగరున్న మనిషికి స్టెరాయిడ్ ఇస్తే షుగరు పెరిగి గాయం మానదు. ఇదంతా నిజమే. కానీ ఆయన గెలుస్తున్నది అబద్ధం చెప్పి కాదు, అందుబాటులో ఉండి. ఆయన్ని తిట్టేముందు ఆ ఖాళీలో మీ మనిషిని పెట్టండి. కనీసం ‘ఈ రోగికి ఈ ఇంజెక్షన్లు ఇవ్వొద్దు, ఈ గుర్తులు కనిపిస్తే మాకు ఫోన్ చెయ్యి’ అని ఒక చీటీ రాయండి.

మూడోది, ప్రభుత్వం చూసుకుంటోంది కదా. చూసుకున్నంత మేర చూసుకుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ లేకపోతే చాలామంది మెట్ట రైతు కూలీలు థియేటర్ గుమ్మం ఎక్కేవాళ్లే కాదు. పేరు ప్రభుత్వంతో పాటు మారుతోంది, ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. కానీ ఆ ప్యాకేజీ ఊహ చూడండి. డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు. ముప్పై రోజుల్లోపు ఏదైనా వికటిస్తే చికిత్స. నడుం కోలుకునేది ఆరు వారాలకో పన్నెండు వారాలకో. పథకం కత్తికి డబ్బు కడుతుంది, కాలానికి కట్టదు. కాలానికి కట్టాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చింది. 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా అని మొదలుపెట్టి, ఆపరేషన్ తర్వాత విశ్రాంతి రోజులకి రోజుకి 225 రూపాయలు, నెలకి 5,000 మించకుండా ఇస్తామన్నారు. 2024-25లో రాష్ట్రంలో ఉపాధి హామీ కూలీ 300. లెక్కకి చాలదు. అయినా ‘విశ్రాంతికి ఖరీదుంది, అది ఎవరో ఒకరు కట్టాలి’ అని సర్కారు తన నోటితో ఒప్పుకున్న సందర్భం అది. ఆ వాక్యాన్ని మర్చిపోనివ్వకూడదు. పేరు ఏ నాయకుడిదైనా పెట్టుకోండి, సొమ్ము మాత్రం ఆపకండి, పెంచండి. కూడా ఉండి చూసుకునే మనిషి పోగొట్టుకునే కూలీని కూడా లెక్కలో వెయ్యండి.

ఇక మన సంగతి. మనం, అంటే గచ్చిబౌలిలోనో బెంగళూరులోనో డల్లాస్‌లోనో కూర్చుని ఇలాంటివి చదివేవాళ్లం. ఊళ్లో అమ్మకో నాన్నకో ఆపరేషన్ అంటే వారం సెలవు పెట్టి వెళ్తాం. రెండో అభిప్రాయం తీసుకుంటాం, ఇంప్లాంట్ ఏ కంపెనీదో గూగుల్ చేస్తాం, ఫోన్‌పేలో బిల్లు కడతాం. డిశ్చార్జి కాగితం ఫొటో తీసి డాక్టరు స్నేహితుడికి వాట్సాప్ చేస్తాం. ‘ఆల్ గుడ్’ అని వస్తుంది. బండెక్కుతాం. మొదటి సగానికి మనం, రెండో సగానికి ఎవరు? ఊళ్లో ఉన్న చెల్లి. వదిన. అరవై దాటి తన మోకాళ్లు తనకే బరువైన అమ్మ. నడుం వంచొద్దని ఒకరికి చెప్తే ఆ వంగుళ్లన్నీ ఇంకొక నడుం మీద పడతాయి. ఆమెకి చీటీ లేదు, శిక్షణ లేదు, జీతం లేదు, ఆమె నడుం గురించి ఏ సమ్మరీలోనూ లైను లేదు. మన కథల్లో కూడా చాలామటుకు ఆస్పత్రి అంటే థియేటర్ ముందు ఎర్ర లైటు, బయట బెంచీ, తలుపు తీసుకుని వచ్చిన డాక్టరు ముఖం. ఆ తర్వాతి నలభై రోజుల్లో నాటకీయత లేదని వదిలేస్తాం. ఆ నలభై రోజులే ఆమె జీవితం.

కామవరపుకోట మండలంలోనే గుంటుపల్లి ఉంది. క్రీస్తుకి ముందే కొండ తొలిచి బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు. వినయపిటకం మహావగ్గంలో ఒక కథ ఉంది. విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న ఒక భిక్షువుని బుద్ధుడు చూస్తాడు. ఆనందుడు, తనూ కలిసి కడిగి పడుకోబెడతారు. మిగతా భిక్షువుల్ని పిలిచి, మీకు తల్లీ తండ్రీ ఇక్కడ లేరు, ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారని మందలిస్తాడు. అక్కడితో ఆగడు. ఎలాంటి రోగికి సేవ చెయ్యడం తేలిక, ఎలాంటి మనిషి సేవకి తగినది అని అంశాలవారీగా చెప్తాడు. రోగి తన బాధ ఉన్నదున్నట్టు చెప్పాలి, మందు వేసుకోవాలి. సేవ చేసేవాళ్లకి ఏది మేలో ఏది కీడో తెలియాలి, మలమూత్రాలంటే ఏవగింపు ఉండకూడదు, రోగికి మాటతో ధైర్యం చెప్పగలగాలి. దయని ఉపన్యాసంగా వదిలెయ్యకుండా నియమంగా మార్చడమంటే అది. రెండువేల ఏళ్ల పైబడి మన కొండ మీద వినపడి ఉండగల ఆలోచన, కింద ఊరికొచ్చే కాగితంలోకి ఇంకా దిగలేదు.

2019లో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకి పంపిన రోగుల హక్కుల పత్రంలో, రోగికి తెలిసిన భాషలో, అర్థమయ్యే స్థాయిలో చెప్పాలని ఉంది. అంటే నేనడిగేది దానం కాదు. ఆపరేషన్ తేదీ వేసేముందే ఇంటి గురించి ఐదు ప్రశ్నలు అడగండి: మంచం ఏది, మరుగుదొడ్డి ఏది, నీళ్లు ఎవరు మోస్తారు, వంట ఎవరు చేస్తారు, కూలీ ఎన్నాళ్లు ఆగగలదు. మూడో రోజున ఒక ఫోన్ చెయ్యండి. కుట్లు విప్పడం దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రికి చీటీ రాసి అప్పగించండి. మండలానికొక ఫిజియోథెరపిస్టుని వారానికి రెండు రోజులైనా కూర్చోబెట్టండి. ఇంగ్లీషు సమ్మరీకి ఒక తెలుగు పేజీ కుట్టండి. ఎలా రాయాలో తెలీదంటారా? నేను డాక్టర్ని కాను, మీరు దిద్దుకోండి. మామూలు డిస్కు ఆపరేషన్‌కి ఇలా ఉండొచ్చు:

‘అమ్మా, నీ నడుంలో జారిన ముక్క తీసేశాం. ఇంటికెళ్లాక రోజూ నడు. మొదట ఇంట్లో, తర్వాత వీధి చివరి దాకా. మంచాన పడి ఉండొద్దు. ఆరు వారాలు నడుం వంచొద్దు, మెలితిప్పొద్దు, రెండు మూడు కిలోల కన్నా బరువు ఎత్తొద్దు. బిందె వద్దు, చీపురు వద్దు, పిల్లాణ్ని ఎత్తుకోవద్దు. నేల మీద కూర్చోవద్దు. అరగంటకోసారి లేచి నిలబడు. కుట్లు తడవనివ్వొద్దు. పప్పు, గుడ్డు, కూర అన్నీ తిను. నొప్పి మాత్రలతో విరేచనం గట్టిపడుతుంది, నీళ్లు ఎక్కువ తాగు. వేరే నొప్పి ఇంజెక్షన్ చేయించుకోవద్దు. జ్వరం వచ్చినా, కుట్లు కారినా, పిక్క వాచినా, లేస్తే తలనొప్పి పెరిగినా అదే రోజు ఫోన్ చెయ్యి. ఒంటేలు ఆగిపోయినా, పీట మీద ఆనే చోట తిమ్మిరెక్కినా, కాలు ఈడ్చుకుపోతున్నా రాత్రయినా సరే ఆగొద్దు, 108 పిలిచి రా. సిగ్గుపడొద్దు. ఈ కాగితం నిన్ను చూసుకునే మనిషికి కూడా చదివి వినిపించాం.’

ఒక్క పేజీ కూడా లేదు. దీన్ని అచ్చు వెయ్యడానికి అయ్యే ఖర్చు, ఎమ్మారై ఫిల్మ్ పెట్టిచ్చే ఆ రంగుల సంచీ కన్నా తక్కువే ఉంటుంది.